మామ్ టోర్ కొండ నడక: తరచుగా అడిగే ప్రశ్నలు

షెఫీల్డ్‌లోనో మాంచెస్టర్‌లోనో చదువుకోడానికి, ఉద్యోగానికి వచ్చిన మనవాళ్లు మొదట ఎక్కే కొండల్లో ఇదొకటి. రీల్స్‌లో చూసి బయల్దేరతారు, పావుగంటలో ఎక్కి ఫోటో దిగి వచ్చేస్తారు. కొండ దగ్గర అసలు చూడాల్సినవి మాత్రం చాలామంది చూడరు. వెళ్లేముందు అందరూ అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

మామ్ టోర్ ఎక్కడుంది? ఎంత ఎత్తు?

ఇంగ్లండ్ మధ్యలో, డెర్బీషైర్ కౌంటీలో, పీక్ డిస్ట్రిక్ట్ నేషనల్ పార్కులో ఉంది. ఎత్తు 517 మీటర్లు. దక్షిణాన కొండ కింద క్యాజిల్‌టన్ అనే ఊరు, ఉత్తరాన ఈడేల్ లోయ. పీక్ డిస్ట్రిక్ట్ అంతా ఒకే రకం నేల కాదు. దక్షిణాన తెల్లటి సున్నపురాయి, పచ్చిక మైదానాలు. ఉత్తరాన ముదురు రంగు ఇసుకరాయి, బురద నేలలు. మామ్ టోర్ సరిగ్గా ఆ రెండింటి సరిహద్దులో ఉంది కాబట్టి పైనుంచి ఒకవైపు ఒక రకం నేల, ఇంకోవైపు ఇంకో రకం నేల కనిపిస్తాయి.

ఎక్కడానికి ఎంతసేపు పడుతుంది?

మీరు ఎక్కడ మొదలుపెడతారన్నదాన్ని బట్టి ఉంటుంది. మామ్ నిక్ అనే కనుమ దగ్గరి కార్ పార్క్ నుంచి అయితే 15, 20 నిమిషాలు చాలు. ఎక్కాల్సింది సుమారు 100 మీటర్లే, అదీ రాతిమెట్ల మీదుగా. క్యాజిల్‌టన్ ఊరి నుంచి అయితే 300 మీటర్లకు పైగా ఎక్కాలి, గంటన్నర దాకా పడుతుంది. ఈడేల్ స్టేషన్ నుంచి కూడా దాదాపు అంతే.

టికెట్ ఉందా? ఏ వేళల్లో తెరుస్తారు?

టికెట్ లేదు, గేటుకు తాళం లేదు. ఏ రోజైనా, ఏ వేళకైనా వెళ్లొచ్చు. డబ్బు కట్టేది కారు నిలిపినందుకే.

కారు లేదు. ట్రైన్‌లో వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు, నన్నడిగితే అలాగే వెళ్లాలి. షెఫీల్డ్, మాంచెస్టర్ మధ్య హోప్ వ్యాలీ లైన్ అని ఒక రైలు మార్గం ఉంది. చిన్న స్టేషన్లలో ఆగే బండి సాధారణంగా గంటకొకటి ఉంటుంది. ఈడేల్‌లో దిగండి. షెఫీల్డ్ నుంచి అరగంట పైచిలుకు, మాంచెస్టర్ నుంచి ముప్పావుగంట. దిగగానే ఎదురుగా కొండల వరుస కనిపిస్తుంది, దారి అడగాల్సిన పనే ఉండదు. క్యాజిల్‌టన్‌కు స్టేషన్ లేదు. దగ్గరలోది హోప్, అక్కడినుంచి బస్సు ఎక్కాలి, లేదా నడవాలి. షెఫీల్డ్ నుంచి నేరుగా క్యాజిల్‌టన్ వెళ్లాలంటే 272 నంబరు బస్సు ఉంది.

16-25 లేదా 26-30 రైల్‌కార్డ్ ఉంటే టికెట్‌లో మూడో వంతు తగ్గుతుంది. శని, ఆదివారాల్లో ఎండ కాస్తే ఈ బండి కిటకిటలాడుతుంది. సాయంత్రం తిరుగు బండి టైము ముందే ఫోన్‌లో సేవ్ చేసుకోండి. ఒకటి తప్పితే గంటసేపు ప్లాట్‌ఫారం మీద చలిలో నిలబడాలి.

కారులో వెళ్తే పార్కింగ్ దొరుకుతుందా?

మామ్ నిక్ కార్ పార్క్ నేషనల్ ట్రస్ట్ అనే, పాత కట్టడాలనూ ప్రకృతినీ కాపాడే సంస్థది. ఆ సంస్థ సభ్యులకు ఉచితం, మిగతావాళ్లు డబ్బు కట్టాలి. అది చిన్నది. వారాంతాల్లో పొద్దున్నే నిండిపోతుంది. క్యాజిల్‌టన్ విజిటర్ సెంటర్ దగ్గర పెద్ద పార్కింగ్ ఉంది, అక్కడ నిలిపి నడవడం మేలు.

కార్ పార్క్ నిండితే చేయకూడని పని ఒకటుంది: రోడ్డు అంచున, గడ్డి మీద కారు ఆపడం. 'అందరూ ఆపారు కదా' అని మనమూ ఆపుతాం. ఆ రోడ్డు మీదే ఊరి బస్సు, అంబులెన్స్, మంచు పడితే ఉప్పు చల్లే బండి తిరగాలి. వరసగా కార్లు నిలిచిపోయి ఊళ్లవాళ్లు ఇబ్బందిపడటం ఈమధ్య తరచూ వార్తల్లోకి వస్తోంది. ఫైన్ ఖాయం, కారును లాక్కెళ్లిపోయినా అడిగేవాడు లేడు.

క్యాజిల్‌టన్ నుంచి పైకి వెళ్లే రోడ్డు విన్నాట్స్ పాస్ అనే ఇరుకు సున్నపురాతి లోయలోంచి పోతుంది. చూడ్డానికి అద్భుతం. డ్రైవింగ్‌కు మాత్రం 20 శాతానికి పైగా వాలు, మధ్యలో గొర్రెలు, ఎదురుగా వచ్చే కార్లు. కొత్తగా లైసెన్స్ తీసుకున్నవాళ్లకు కొంచెం టెన్షనే. పెద్ద బస్సులను ఆ దారిలోకి రానివ్వరు. అసోసియేషన్ తరఫున కోచ్ మాట్లాడుకుని వచ్చేవాళ్లు ఇది ముందే డ్రైవర్‌తో చర్చించుకోండి.

ఏ దారిలో నడిస్తే బాగుంటుంది?

కార్ పార్క్ నుంచి ఎక్కి దిగితే మామ్ టోర్ చూసినట్టే, కానీ నడిచినట్టు కాదు. శిఖరం నుంచి తూర్పుకు కొండ వీపు మీదుగా సుమారు 3 కిలోమీటర్లు ఒక సన్నటి బాట సాగుతుంది. దాన్ని గ్రేట్ రిడ్జ్ అంటారు. ఎడమ చేతివైపు ఈడేల్ లోయ, కుడి చేతివైపు హోప్ లోయ, రెండూ ఒకేసారి కనిపిస్తూ ఉంటాయి. దారిలో మొదట హాలిన్స్ క్రాస్ అనే పల్లపు చోటు, తర్వాత బ్యాక్ టోర్ అనే నిటారు గుట్ట, చివర 476 మీటర్ల లూస్ హిల్.

హాలిన్స్ క్రాస్ దగ్గర కాసేపు ఆగండి. 1630లలో ఈడేల్‌లో చర్చి కట్టకముందు అక్కడివాళ్లు తమవాళ్లెవరైనా పోతే శవపేటికను ఈ కనుమ మీదుగా మోసుకుని హోప్ చర్చి దాకా వెళ్లేవారు. తర్వాతి కాలంలో ఈడేల్‌లో నూలు మిల్లు వచ్చింది. దాంట్లో పనిచేసే ఆడవాళ్లు క్యాజిల్‌టన్ నుంచి రోజూ ఇదే కొండ దాటి పనికి వెళ్లి, మళ్లీ దాటి ఇంటికొచ్చేవారట. మనం సెలవు రోజు సరదాకు ఎక్కే ఎత్తు వాళ్లకు ఆఫీసు దారి.

నేను అందరికీ చెప్పేది ఒకే మార్గం. ఈడేల్ స్టేషన్‌లో దిగి, మామ్ టోర్ ఎక్కి, రిడ్జ్ వెంట లూస్ హిల్ దాకా వెళ్లి, హోప్ స్టేషన్‌కు దిగిపోవడం. 10, 11 కిలోమీటర్లు ఉంటుంది. ఆగుతూ, తింటూ వెళ్తే నాలుగైదు గంటలు. వచ్చిన దారినే తిరిగి రావాల్సిన పని లేదు, పార్కింగ్ గొడవ లేదు. షెఫీల్డ్ నుంచి వచ్చేటప్పుడు హోప్ ముందొస్తుంది, ఈడేల్ తర్వాత వస్తుంది. మాంచెస్టర్ నుంచి అయితే తిరగేసి చూసుకోండి, వాళ్లు టికెట్ హోప్ దాకా తీసుకోవాలి.

క్యాజిల్‌టన్ నుంచి మొదలుపెట్టేవాళ్లు పాత రోడ్డు మీదుగా పైకెక్కి, శిఖరం చూసి, హాలిన్స్ క్రాస్ దగ్గర కిందికి దిగితే గుండ్రంగా తిరిగి ఊళ్లోకే వస్తారు.

ఆ విరిగిపోయిన రోడ్డు సంగతేమిటి?

అదే ఈ కొండ దగ్గర నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు. చాలామందికి అది ఉందనే తెలియదు, ఎందుకంటే శిఖరం మీద నుంచి సరిగా కనబడదు.

మామ్ టోర్‌కు ఇంగ్లీషువాళ్లు పెట్టుకున్న ఇంకో పేరు 'వణికే కొండ'. పైన గట్టి ఇసుకరాయి పొరలు, కింద పెళుసుగా విడిపోయే షేల్ అనే పలకరాయి. వాన నీళ్లు లోపలికి దిగితే కింది పొర నానిపోయి పై బరువును మోయలేదు. ఆ షేల్‌లో ఉండే ఒక ఇనుప ఖనిజం గాలి, నీరు తగిలి యాసిడ్‌గా మారి రాతిని ఇంకా గుల్ల చేస్తుంది. 4,000 ఏళ్ల కిందట ఎప్పుడో తూర్పు ముఖం ఒక్కసారిగా జారిపోయింది. జారిన మట్టి, రాయి కిలోమీటరు పొడవున నాలుకలా సాగి నిలిచింది. నిలిచింది అంటే పూర్తిగా ఆగలేదు. ఇప్పటికీ ఏటా కొన్ని సెంటీమీటర్లు కదులుతూనే ఉంది, వానలు దంచికొట్టిన చలికాలాల్లో ఇంకా ఎక్కువ.

సరిగ్గా ఆ నాలుక మీదే 19వ శతాబ్దం మొదట్లో రోడ్డు వేశారు. విన్నాట్స్ పాస్ వాలు గుర్రపు బళ్లకు కష్టంగా ఉందని చుట్టు తిరిగి మెల్లగా ఎక్కే దారి కావాలనుకున్నారు. షెఫీల్డ్‌ను చాపెల్-ఎన్-లె-ఫ్రిత్‌తో కలిపే ఆ రోడ్డుకు తర్వాత ఎ625 అని నంబరు వచ్చింది. కుంగినప్పుడల్లా మళ్లీ తారు పోశారు. మళ్లీ కుంగింది, మళ్లీ పోశారు. దాదాపు నూట అరవై ఏళ్లు ఈ ఆట సాగింది. 1977లో దెబ్బతిని ఒక వరసకే పరిమితమైంది, 1979లో ఇక లాభం లేదని శాశ్వతంగా మూసేశారు.

ఇప్పుడు వెళ్లి చూస్తే రోడ్డు మనిషెత్తు మెట్లుగా విరిగి పడి ఉంటుంది. తెల్ల గీతలు అక్కడక్కడా ఇంకా కనిపిస్తాయి. విరిగిన అంచు దగ్గర కూర్చుని తారు పొరలు లెక్కపెట్టండి. ఒకదాని మీద ఒకటి ఎన్నిసార్లు పోశారో తెలుస్తుంది. ఇంజనీరింగ్ చదివినవాళ్లయితే, ముఖ్యంగా సివిల్‌వాళ్లు, అక్కడినుంచి అంత త్వరగా కదలరు.

క్యాజిల్‌టన్ నుంచి పడమరగా పాత రోడ్డు పట్టుకుని నడిస్తే, బళ్లు వెనక్కి తిప్పుకునే చోటు దాటగానే అది మొదలవుతుంది. పక్కనే ఓడిన్ మైన్ అనే పాత సీసపు గని గుర్తులు కూడా ఉన్నాయి. ఖనిజం నలగ్గొట్టడానికి గుర్రంతో తిప్పించిన రాతి చక్రం ఇంకా అక్కడే ఉంది.

కొండ జారుతోందంటే ఎక్కడం ప్రమాదం కాదా?

మామూలు బాట జారే ముఖం మీదుగా పోదు. కదలిక కూడా కంటికి తెలిసేంత వేగంగా ఉండదు. విరిగిన రోడ్డు మీద నడవొచ్చు, కానీ అంచుల దగ్గర, పగుళ్ల దగ్గర పిల్లల చెయ్యి వదలొద్దు. తూర్పు ముఖం మీద నేరుగా పాకి ఎక్కే సాహసాలు మాత్రం వద్దు. అక్కడ రాయి చేత్తో లాగితే ఊడొస్తుంది.

శిఖరం చుట్టూ ఉన్న మట్టికట్టలు ఏమిటి?

అది ఒకప్పటి కోట. రాతి కోట కాదు. కొండ నెత్తిని చుట్టి కందకం తవ్వి, ఆ మట్టినే కట్టగా పోసిన గిరిదుర్గం. బ్రిటన్‌లో ఇంత ఎత్తున ఉన్న గిరిదుర్గాలు అరుదు. 1960లలో మాంచెస్టర్ యూనివర్సిటీవాళ్లు తవ్వినప్పుడు కంచుయుగం చివరి నాటి ఇళ్ల ఆనవాళ్లు, కుండపెంకులు దొరికాయి. కొన్ని క్రీస్తుపూర్వం 1200 ప్రాంతానివి. వాలును చదును చేసి ఇళ్లు కట్టుకున్న చోట్లు వందకు పైగా గుర్తించారు. గడ్డి కింద చిన్న చిన్న అరుగుల్లా ఉంటాయి. సాయంత్రపు ఏటవాలు ఎండలో బాగా తెలుస్తాయి, మిట్టమధ్యాహ్నం వెళ్తే ఏమీ కనిపించదు.

ఆ గాలిలో, ఆ చలిలో ఏడాదంతా అక్కడే ఉన్నారా, ఎండాకాలం పశువులతో వచ్చి వెళ్లేవారా అన్నది ఇంకా తేలలేదు. జనవరిలో ఒకసారి పైన నిలబడి చూస్తే మీకూ ఒక అభిప్రాయం ఏర్పడుతుంది.

శిఖరం మీద కంచుయుగపు సమాధి దిబ్బలు కూడా రెండున్నాయి. నడిచేవాళ్ల కాళ్ల కింద అరిగిపోకుండా ఒకదాన్ని రాళ్లు పరిచి కప్పారు. మనం ఫోటోకు ఎక్కి నిలబడేది దాని మీదే.

మేఘాల పైన నిలబడినట్టుండే ఫోటోలు ఎప్పుడు వస్తాయి?

శరదృతువు, చలికాలాల్లో, రాత్రి ఆకాశం తేటగా ఉండి గాలి లేకపోతే చల్లటి గాలి లోయలోకి దిగి పొగమంచు కడుతుంది. మామ్ టోర్ నెత్తి దానిపైన ఉంటుంది. సూర్యోదయానికి అరగంట ముందే పైన ఉండాలి. డిసెంబర్ చివర్లో సూర్యుడు వచ్చేది ఎనిమిదింపావు దాటాకే కాబట్టి నిద్ర పెద్దగా చెడదు. అదే జూన్‌లో అయితే 4:40కి. ఎంత లెక్కేసుకుని వెళ్లినా, కొన్నిసార్లు మంచు లోయలో ఉండాల్సింది మీ చుట్టూ ఉంటుంది. అప్పుడు పక్కనున్న మనిషి కూడా కనిపించడు.

ఏ బట్టలు, ఏ బూట్లు?

చీలమండ దాకా వచ్చే బూట్లు ఉంటే మంచిది. కనీసం పట్టు ఉన్న అడుగు ఉండాలి. తెల్ల స్నీకర్లతో వచ్చినవాళ్లు గోధుమరంగు స్నీకర్లతో వెళ్తారు. జీన్స్ వద్దు, తడిస్తే ఆరదు, బరువెక్కుతుంది. ఊళ్లో గాలి లేకపోయినా పైన తోసేసేంత గాలి ఉంటుంది కాబట్టి ఆగస్టులో కూడా గాలీ వానా ఆపే జాకెట్ ఒకటి బ్యాగులో పెట్టుకోండి. పైన చెట్టు నీడ లేదు, తలదాచుకునే చోటూ లేదు. మెట్ ఆఫీస్ (ఇక్కడి ప్రభుత్వ వాతావరణ శాఖ) పీక్ డిస్ట్రిక్ట్ కొండలకు విడిగా వాతావరణ సూచన ఇస్తుంది, ఊరి వాతావరణం చూసి వెళ్లకండి.

చలికాలంలో పరచిన రాతిపలకల మీద ఐసు కడుతుంది. జారి పడేది ఎక్కువగా దిగేటప్పుడే.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారు. తీసుకెళ్లొచ్చా?

అలిపిరి మెట్లు ఎక్కినవాళ్లకు మామ్ నిక్ నుంచి పైకి ఉన్న మెట్లు ఒక లెక్కే కాదు. ఇబ్బంది చలితోనే. మోకాళ్ల నొప్పులు లేకపోతే మే నుంచి సెప్టెంబరు మధ్య, గాలి తక్కువున్న రోజు చూసుకుని తీసుకెళ్లండి. చీర కట్టుకుని ఎక్కిన అమ్మలను చూశాను, కానీ గాలికి చాలా అవస్థపడతారు. స్వెటర్ ఒక్కటే సరిపోదు. చెవులు కప్పే టోపీ, గాలి ఆపే కోటు ఇవ్వండి.

పిల్లల తోపుడుబండి శిఖరం దాకా పోదు. చంటిపిల్లలైతే వీపుకు కట్టుకునే క్యారియర్ కావాలి.

పైన తినడానికి ఏమైనా దొరుకుతుందా? టాయిలెట్లు?

శిఖరం మీద ఏమీ లేవు. టాయిలెట్ క్యాజిల్‌టన్‌లోనో ఈడేల్‌లోనో చూసుకుని ఎక్కండి. రెండు ఊళ్లలోనూ పబ్బులు, కెఫేలు ఉన్నాయి. శాకాహారులకు సూప్, చిప్స్, జాకెట్ పొటాటో లాంటివి దొరుకుతాయి. దానికంటే డబ్బాలో పులిహోర కట్టుకెళ్లడం నయం, చల్లారినా బాగుంటుంది. అరటితొక్కతో సహా చెత్తంతా వెనక్కి తెచ్చుకోవాలి, పైన డస్ట్‌బిన్ ఉండదు.

టెంట్ వేసుకోవచ్చా? బార్బెక్యూ? డ్రోన్?

మూడూ కుదరవు. ఇక్కడ భూమి యజమాని అనుమతి లేకుండా టెంట్ వేయకూడదు. క్యాంప్‌సైట్లు ఈడేల్ చుట్టుపక్కల ఉన్నాయి. మంట గురించి ఇంకా గట్టిగా చెప్పాలి: ఈ కొండల మీద ఎండిన గడ్డి, దాని చుట్టుపక్కల పీట్ నేల (కుళ్లిన మొక్కలతో ఏర్పడిన, కాలే గుణమున్న నేల) అంటుకుంటే రోజుల తరబడి ఆరవు. అల్యూమినియం ట్రేలో కాల్చుకునే చిన్న బార్బెక్యూ కూడా వద్దు. నేషనల్ ట్రస్ట్ భూమిలో అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయనివ్వరు.

గొర్రెలు మీదికొస్తాయా?

రావు. మనం దగ్గరికి పోతేనే పారిపోతాయి. వసంతంలో గొర్రెపిల్లలతో ఉంటాయి, ఫోటో కోసం వెంటపడొద్దు. గేటు మూసి ఉంటే దాటాక మూసేయండి. కుక్క ఉంటే మార్చి 1 నుంచి జూలై 31 దాకా అందరూ నడిచే బయలు నేలల్లో పట్టీతో ఉంచడం చట్టం. గొర్రెలుంటే మిగతా నెలల్లోనూ అంతే.

దారి తప్పితే, కాలు బెణికితే ఏం చేయాలి?

999కు ఫోన్ చేసి పోలీస్ అడగండి, తర్వాత మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పండి. ఈడేల్ మౌంటెన్ రెస్క్యూ టీమ్ వస్తుంది. వాళ్లంతా జీతం లేని వాలంటీర్లు, తమ ఉద్యోగాలు, భోజనాలు వదిలేసి వస్తారు. మీ దగ్గర డబ్బు తీసుకోరు. సిగ్నల్ బలహీనంగా ఉంటే మెసేజ్ పంపే సౌకర్యం ఉంది, కానీ దానికి ముందుగానే ఇంగ్లీషులో 'రిజిస్టర్' అని 999కు మెసేజ్ పెట్టి నమోదు చేసుకోవాలి. ఇది చదువుతున్నప్పుడే చేసేయండి. విజిల్ ఉంటే నిమిషానికి ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి మళ్లీ ఊదాలి.

మామ్ టోర్ మీద దారి తప్పడం కష్టమే, కానీ పొగమంచులో తప్పారు, తప్పుతారు. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగుకే చీకటి. ఫోన్ లైటు మీద ఆధారపడకుండా తలకు కట్టుకునే టార్చ్ కొనుక్కోండి. కాగితపు మ్యాప్ కావాలంటే ఆర్డ్‌నెన్స్ సర్వే అనే బ్రిటన్ మ్యాపుల సంస్థ వేసే ఓఎల్1 తీసుకోండి.

ఎవరి భూమో తెలియకుండా ఇలా ఎక్కడపడితే అక్కడ నడవొచ్చా?

మామ్ టోర్ నేషనల్ ట్రస్ట్‌ది. ఈ దేశంలో కొండల మీద నడిచే హక్కు మాత్రం ఊరికే రాలేదు, దాని కథలో సగం మామ్ టోర్ నుంచి కనిపించే చోటే జరిగింది. శిఖరం మీద ఉత్తరం వైపు తిరిగితే ఈడేల్ లోయ అవతల పొడవాటి, చదునైన కొండ కనిపిస్తుంది. అది కిండర్ స్కౌట్, 636 మీటర్లు. ఒకప్పుడు అది ప్రభువులు పక్షుల్ని వేటాడే నేల, కాపలాదార్లు ఉండేవారు. ఆదివారం ఒక్కటే సెలవున్న షెఫీల్డ్, మాంచెస్టర్ ఫ్యాక్టరీ కార్మికులకు గాలి పీల్చుకోడానికి చుట్టూ కొండలున్నా ప్రవేశం లేదు. 1932 ఏప్రిల్ 24న కొన్ని వందలమంది హేఫీల్డ్ వైపు నుంచి కావాలనే కిండర్ మీదికి నడిచారు. ముందున్న బెన్నీ రాథ్‌మన్‌కు అప్పుడు ఇరవై ఏళ్లు. కాపలాదార్లతో పెనుగులాట జరిగింది, అరెస్టులయ్యాయి, ఐదుగురికి జైలు శిక్ష పడింది. శిక్షలు చూసి జనానికి వాళ్ల మీద సానుభూతి పెరిగింది.

1949లో నేషనల్ పార్కుల చట్టం వచ్చింది. 1951లో దేశంలో మొట్టమొదటి నేషనల్ పార్కుగా పీక్ డిస్ట్రిక్ట్‌ను ప్రకటించారు. బయలు నేలల్లో బాట వదిలి కూడా నడిచే హక్కు చట్టంగా రావడానికి 2000 దాకా పట్టింది. అయినా మామ్ టోర్ మీద బాట మీదే నడవండి. రాతిపలకలు పరిచింది కాళ్ల కోతకు కొండ అరిగిపోకుండా.

దిగాక క్యాజిల్‌టన్‌లో ఏం చూడాలి?

టైముంటే ఒక గుహ. బ్లూ జాన్ అని ఊదా, పసుపు చారలున్న రాయి ఈ చుట్టుపక్కలే దొరుకుతుంది. బ్లూ జాన్ కావెర్న్, ట్రీక్ క్లిఫ్ కావెర్న్ రెండింట్లోనూ దాన్ని చూపిస్తారు. లోపల మెట్లు చాలానే ఉన్నాయి, కొండ ఎక్కిన కాళ్లతో ఆలోచించుకుని వెళ్లండి. ఊరి పైన పెవెరిల్ క్యాజిల్ శిథిలాలున్నాయి, దానికి టికెట్ ఉంది.

ఇది బాగా నచ్చింది. తర్వాత ఏది?

అదే రైల్వే లైన్‌లో మిగతావీ ఉన్నాయి. హేథర్‌సేజ్‌లో దిగితే స్టానేజ్ ఎడ్జ్, బామ్‌ఫర్డ్‌లో దిగితే విన్ హిల్. విన్ హిల్ మీద జనం తక్కువ, కింద లేడీబవర్ రిజర్వాయర్ కనిపిస్తుంది. కిండర్ స్కౌట్ కూడా ఈడేల్ నుంచే ఎక్కొచ్చు, కానీ అది మామ్ టోర్ లాంటిది కాదు. పైన బురద మైదానం, ఏ దిక్కు చూసినా ఒకేలా ఉంటుంది. మొదటిసారి ఎండాకాలంలో, మ్యాప్ చదవగలిగినవాళ్లతో, జేకబ్స్ ల్యాడర్ దారిలో వెళ్లండి.